నీడలను చదివే విద్య

దాదాపు ప్రతి ఇంటి బీరువాలోనూ ఒక పెద్ద కవరు ఉంటుంది. అందులో పాత ఎక్స్‌రే ఫిలిములు ఉంటాయి. నానాజాన్ ఛాతీది ఒకటి, సైకిలు మీది నుండి పడినప్పుడు తీయించిన పిల్లవాడి మోచేతిది ఒకటి, అమ్మీ మోకాలిది మరొకటి. ఆసుపత్రి నుండి తెచ్చిన రోజున ఇంటిల్లిపాదీ ఆ ఫిలిమును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తారు. "ఇదిగో, ఇక్కడేదో తెల్లగా ఉంది" అని ఒకరంటారు. "అది ఎముకలే" అని మరొకరంటారు. కాసేపు అలా చూసి, ఏమీ బోధపడక, తిరిగి కవరులో పెట్టేస్తారు. ఆ తెల్లని, నల్లని మరకలలోని అర్థాన్ని డాక్టరు చెబుతాడని అందరి ధీమా.

ఆ ధీమా నిరాధారమైనదేమీ కాదు. అయినా ఒక సందర్భాన్ని ఊహించి చూడండి. అర్ధరాత్రి దాటింది. ఆయాసపడుతున్న తండ్రిని కొడుకులు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకువచ్చారు. ఎక్స్‌రే తీశారు. దాన్ని చదవడంలో నిపుణుడైన రేడియాలజిస్టు తెల్లవారితే గాని రాడు. ఆ సమయంలో ఫిలిమును చేతిలోకి తీసుకున్నది ఎంబీబీఎస్ చివరి పరీక్షలు ముగించి, హౌస్ సర్జన్‌గా చేరిన ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల యువకుడు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా, గాలి చేరిందా, న్యుమోనియానా, గుండె బలహీనపడి ఊపిరితిత్తులలో నెమ్ము నిండుతోందా అన్నది ఆ నీడలలో అతడే గుర్తించాలి. పై డాక్టరును నిద్ర లేపాలా, తెల్లవారేదాకా ఆగవచ్చునా అన్నది కూడా అతడే నిర్ణయించాలి.

ఈ యువకుడు ఆ చిత్రాన్ని చదవడం ఎక్కడ నేర్చుకున్నాడు? ఎంత బాగా నేర్చుకున్నాడు? ఇది వైద్య కళాశాలల ఆచార్యులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న అనుకోవద్దు. ఆ ఫిలిములో ఉన్నది మన తండ్రి ఛాతీ. మరికొన్ని ఇళ్ల విషయంలో ఆ ఫిలిమును పట్టుకుని నిలబడినవాడు మన కుమారుడే, లేదా మన కుమార్తే.

ఎక్స్‌రే ఒక నీడ

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఈ కిరణాలను కనుగొన్నాడు. అదే సంవత్సరం డిసెంబరు 22న తన భార్య చేతిని చిత్రించాడు. వేళ్ల ఎముకలూ, వేలికున్న ఉంగరమూ అందులో స్పష్టంగా కనిపించాయి. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే లభించింది. ఆ చేతి చిత్రాన్ని చూసిన ప్రపంచం, ఇక మానవ శరీరం గాజు సీసాలా పారదర్శకమైపోయిందని భ్రమించింది.

వాస్తవం అంత సులువైనది కాదు. ఎక్స్‌రే అనేది ఛాయాచిత్రం వంటిది కాదు, అది నీడ. కిరణాలు శరీరం గుండా దూసుకుపోతూ ఉంటే, దారిలో ఏది ఎంత అడ్డుకుంటే అక్కడ అంత తెలుపు ఏర్పడుతుంది. గాలి దాదాపు ఏమీ అడ్డుకోదు కనుక నల్లగా పడుతుంది. కొవ్వు ముదురు బూడిద రంగులో, నీరు, కండరాలు, రక్తం లేత బూడిద రంగులో, ఎముక తెల్లగా, లోహం మరింత తెల్లగా పడతాయి. ఈ ఐదు ఛాయలే ఎక్స్‌రే భాషకు అక్షరమాల. అక్షరాలు ఐదే అయినా వాటితో రాయబడిన వాక్యాలు అసంఖ్యాకం.

పైగా ఈ వాక్యాలన్నీ ఒకదానిపై ఒకటి రాయబడి ఉంటాయి. ముందువైపు పక్కటెముకలు, వెనుకవైపు పక్కటెముకలు, వాటి మధ్య ఊపిరితిత్తి, గుండె, రక్తనాళాలు, వెన్నెముక – ఇంత మందం గల ఛాతీ మొత్తం ఒకే రేకు మీద పరుచుకుంటుంది. గుండె నీడ వెనుక ఒక చిన్న మచ్చ దాగి ఉండవచ్చు. మెడ కింది కాలర్ ఎముక చాటున, ఊపిరితిత్తి శిఖరభాగంలో, క్షయవ్యాధి తొలి ఆనవాలు దాగి ఉండవచ్చు. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండరపు పొర గుమ్మటంలా పైకి లేచి ఉంటుంది గనుక, దాని వెనుక ఉన్న ఊపిరితిత్తి భాగం సరిగా కనిపించదు.

ఇవి చాలవన్నట్లు, ఫిలిము తీసిన తీరు కూడా చదివేవారిని మోసగిస్తుంది. రోగి నిండుగా ఊపిరి పీల్చకపోతే ఊపిరితిత్తుల అడుగుభాగం ముద్దగా కనిపించి, జబ్బు లేకున్నా ఉన్నట్లు తోస్తుంది. మంచం మీద పడుకోబెట్టి ముందువైపు నుండి తీస్తే గుండె నీడ ఉన్నదానికంటె పెద్దదిగా పడుతుంది. రోగి కొంచెం పక్కకు తిరిగి ఉంటే ఒక ఊపిరితిత్తి రెండవదానికంటె నల్లగా కనిపిస్తుంది. చిన్నపిల్లల ఎముకల చివరలలో ఎదుగుదల కోసం ఉండే మెత్తని పొర ఫిలిములో నల్లని గీతలా పడుతుంది. అలవాటు లేని కన్ను దానిని విరిగిన చోటుగా పొరబడుతుంది. కాబట్టి నేర్చుకునేవాడు మొదట జబ్బును వెదకడానికి ముందే, ఈ ఫిలిము నమ్మదగినదా అని విచారించడం నేర్చుకోవాలి.

పెద్దలే పొరబడినప్పుడు

విద్యార్థుల సంగతి మాట్లాడే ముందు వారి గురువుల సంగతి తెలుసుకోవడం న్యాయం. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులలో అమెరికాలో క్షయవ్యాధిని పెద్దయెత్తున గుర్తించడానికి సామూహికంగా ఛాతీ ఎక్స్‌రేలు తీయాలని సంకల్పించారు. చవకైన చిన్న ఫిలిము మంచిదా, ఖరీదైన పెద్ద ఫిలిము మంచిదా అన్నది వారి సందేహం. వెయ్యిమందికి పైగా వ్యక్తులకు నాలుగు పద్ధతులలోనూ ఫిలిములు తీసి, ఐదుగురు నిపుణులచేత విడివిడిగా చదివించారు. 1947లో ఫలితాలు వెలువడ్డాయి.

ఫిలిముల మధ్య తేడా స్వల్పమే. అందరినీ నిశ్చేష్టులను చేసింది మాత్రం చదివిన పెద్దల మధ్య తేడా. వ్యాధి ఉందని ఒకరు చెప్పిన సందర్భాలలో సుమారు మూడింట ఒక వంతు చోట్ల మరొకరు ఏకీభవించలేదు. అంతకంటె విచిత్రమైన విషయం, అదే ఫిలిమును అదే నిపుణుడికి కొంతకాలం తరువాత మళ్లీ చూపితే, సుమారు ఐదింట ఒక వంతు సందర్భాలలో తన మాటతో తానే విభేదించాడు. 1949లో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన హెన్రీ గార్లాండ్ అనే ప్రసిద్ధ రేడియాలజిస్టు ఈ విషయాన్ని తన సాటి వైద్యుల ముందు నిర్మొహమాటంగా ఉంచాడు. వ్యాధి ఉన్న ఛాతీ ఫిలిములలో దాదాపు 30 శాతం నిపుణుల కంట పడకుండా పోతున్నాయని ఆయన చెప్పాడు. సొంత వృత్తిలోని లోపాన్ని సొంతవారి ముందు చెప్పడానికి ఎంతో ధైర్యం కావాలి. ఎక్స్‌రే బోధనను గురించి నేడు జరుగుతున్న పరిశోధనలకు ఆ నిజాయితీయే పునాది అయింది.

గార్లాండ్ చెప్పిన లెక్కను అపార్థం చేసుకోరాదు. అది పరిశోధన కోసం ఏరికూర్చిన, వ్యాధి ఉన్న ఫిలిముల లెక్క. రోజువారీ పనిలో రేడియాలజిస్టు చూసే ఫిలిములలో ఎక్కువభాగం ఆరోగ్యవంతులవే గనుక, ఆయన చెప్పే మాటలలో మొత్తం మీద తప్పుల పాలు చాలా తక్కువ. అయినా ఆ లెక్క నేర్పే పాఠం ఒకటుంది. జీవితమంతా ఇదే పని చేసినవారికే ఇంత కష్టమైతే, నిన్న మొన్న పుస్తకం మూసి వచ్చిన యువకుడి పరిస్థితి ఏమిటి? 2006లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో వైద్య విద్యార్థులకూ, వివిధ దశలలో శిక్షణ పొందుతున్న డాక్టర్లకూ అవే పది ఛాతీ చిత్రాలు చూపించారు. శిక్షణ పెరిగినకొద్దీ మార్కులు పెరిగాయి. మరి రాత్రివేళ ఫిలిమును మొదట చూసేది ఎవరు? శిక్షణలో కింది మెట్టు మీద ఉన్నవారే. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక్క చూపులో ఏముంది?

చూడటమనేది కంటితో మాత్రమే జరిగే పని కాదని సుమారు వెయ్యేళ్ల క్రితమే ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో వివరించాడు. బస్రాలో పుట్టి కైరోలో జీవితం గడిపిన ఆ పండితుడు, తొలి చూపులో కలిగే గ్రహింపు వేరనీ, నిదానంగా పరికించి చూడటం వేరనీ విడదీసి చెప్పాడు. మనకు బాగా పరిచయమైన వస్తువును కొద్దిపాటి ఆనవాళ్లతోనే గుర్తుపట్టేస్తామనీ, అందులో తర్కం ఇమిడి ఉన్నా అది అతివేగంగా జరగడం వల్ల మనకే తెలియదనీ ఆయన గమనించాడు. అక్షరాలు తెలిసినవాడు మాటను చూడగానే చదివేస్తాడు. ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కోడు.

ఎక్స్‌రే విషయంలో ఇది ఎంత నిజమో 1975లో అమెరికాలో హెరాల్డ్ కుండెల్, కాల్విన్ నోడిన్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూపారు. పదిమంది రేడియాలజిస్టులకు ఇరవై ఛాతీ చిత్రాలను – పది ఆరోగ్యకరమైనవి, పది జబ్బువి – ఒక్కొక్కటి సెకనులో ఐదవ వంతు కాలం మాత్రమే చూపించారు. రెప్పపాటు కూడా పట్టని ఆ వ్యవధిలో కన్ను ఫిలిము మీద అటూ ఇటూ కదలడానికైనా వీలు లేదు. అయినా వారు జబ్బు చిత్రాలలో 70 శాతాన్ని పట్టుకున్నారు. కావలసినంత సమయం ఇచ్చినప్పుడు అది 97 శాతానికి పెరిగింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, ఆరితేరిన కన్ను ముందుగా మొత్తం చిత్రాన్ని ఒక ముఖాన్ని గుర్తుపట్టినట్లు గుర్తుపడుతుంది; "ఇక్కడేదో తేడాగా ఉంది" అన్న హెచ్చరిక ముందు వస్తుంది, వివరం తరువాత వస్తుంది. రెండవది, ఆ తొలి చూపుతో ఆగిపోయినవాడు పదింటిలో మూడు జబ్బులను వదిలేస్తాడు. నిదానంగా వెదకడం వల్లనే మిగిలినవి దొరికాయి. వేగం నిపుణుడికి భూషణమే; ఓపిక ఆయనకు బాధ్యత.

1988లో ప్రచురితమైన మరొక అధ్యయనం ఈ నేర్పు మనిషిలో తెచ్చే మార్పును చూపింది. ఫిలిములను ఒకసారి చూపి, తరువాత వాటిని గుర్తుపట్టమన్నారు. అనుభవం పెరిగినకొద్దీ జబ్బు ఉన్న ఫిలిములు ముఖాల వలె జ్ఞాపకం ఉండసాగాయి. ఆరోగ్యకరమైన ఫిలిముల జ్ఞాపకం మాత్రం తగ్గింది. అంటే నిపుణుడి మనసు సహజమైనదాన్ని నేపథ్యంగా వదిలేసి, అసహజమైనదాని మీదనే నిలుస్తుంది. విద్యార్థి స్థితి ఇందుకు భిన్నం. అతడికి ఏది సహజమో ఇంకా తెలియదు గనుక, ప్రతి మచ్చా అతడిని పిలుస్తుంది, ప్రతి గీతా భయపెడుతుంది.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

అదే కుండెల్ తన సహచరులతో కలిసి 1978లో మరొక ప్రశ్న వేశాడు: ఊపిరితిత్తిలోని చిన్న గడ్డ కంటికి చిక్కకపోతే, లోపం ఏ దశలో జరిగినట్లు? చూపు ఎక్కడ తిరుగుతున్నదో పట్టే పరికరంతో పరిశీలించగా తప్పులు మూడు విధాలని తేలింది. సుమారు 30 శాతం తప్పులలో చూపు ఆ చోటికి వెళ్లనే లేదు. సుమారు 25 శాతంలో చూపు ఆ చోటును తాకింది గాని, గుర్తుపట్టేంత సేపు నిలవలేదు. మిగిలిన 45 శాతంలో మాత్రం చూపు అక్కడ నిలిచింది, మనసు తర్కించింది, చివరకు "ఇది ఏమీ కాదు" అని కొట్టివేసింది.

ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. చూపు వెళ్లనివానికి వెదికే క్రమం నేర్పాలి. చూసి గుర్తుపట్టనివానికి మరిన్ని ఉదాహరణలు చూపాలి. చూసి, నిలిచి, తప్పు తీర్పు చెప్పినవానికి ఆ తీర్పు ఎందుకు తప్పో విడమరచి చెప్పాలి. ముగ్గురినీ కలిపి "సరిగా చూడు" అని గద్దిస్తే వారిలో ఎవరికీ మేలు జరగదు. ఏ విద్యను బోధించేవారైనా ఈ మాటను మనసులో ఉంచుకోదగును.

నాలుగవ ప్రమాదం కూడా ఒకటుంది. ఫిలిములో ఒక జబ్బు దొరికిన వెంటనే మనసు తృప్తిపడి, వెదకడం మానేస్తుంది. విరిగిన పక్కటెముక దొరికిన సంతోషంలో, దాని కిందనే ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి కనబడకుండా పోతుంది. అందుకే మంచి గురువులు విద్యార్థికి ఒక అలవాటు నూరిపోస్తారు: ఒకటి దొరికిందా? అయితే రెండవది ఎక్కడుందో వెదుకు.

2013లో ప్రచురితమైన ఒక ప్రయోగం ఈ సంగతిని మరువలేని రీతిలో చూపింది. ఎక్స్‌రే కిరణాలతోనే తీసే సీటీ స్కాన్ చిత్రాలలో ఊపిరితిత్తి గడ్డలను వెదకమని 24 మంది రేడియాలజిస్టులకు చెప్పారు. చివరి రోగి చిత్రాలలో, మామూలు గడ్డకంటె 48 రెట్లు పెద్దదైన గొరిల్లా బొమ్మను చొప్పించారు. 24 మందిలో 20 మంది దాన్ని చూడలేదు. వారిలో ఎక్కువమంది చూపు నేరుగా ఆ బొమ్మ మీదనే పడినట్లు పరికరం చెప్పింది. వారు అసమర్థులు కారు. గడ్డలను వెదకమన్నారు, గడ్డలనే వెదికారు. మనిషి చూపు మనసు అడిగిన ప్రశ్నకే సమాధానం తెస్తుంది. అడగనిదాన్ని ఎదుట ఉన్నా దాటిపోతుంది. ఫిలిము చదివేవారికి రోగి బాధ ఏమిటో సరిగా తెలియజేయడం ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కంఠస్థానికీ గ్రహింపుకూ నడుమ

మరి ఈ విద్య ఎలా అబ్బుతుంది? 2015లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు పావురాలకు వైద్య చిత్రాలు చూపి శిక్షణ ఇచ్చారు. సరైన గుర్తును ముక్కుతో పొడిస్తే గింజ దొరుకుతుంది. కొద్ది వారాలలోనే ఆ పక్షులు సూక్ష్మదర్శినితో తీసిన రొమ్ము క్యాన్సర్ చిత్రాలను చాలావరకు సరిగా వేరుచేయగలిగాయి. రొమ్ము ఎక్స్‌రేలో సున్నపు చుక్కలనూ పట్టుకున్నాయి. ఎన్నడూ చూడని కొత్త చిత్రాలలోనూ ఆ నేర్పు పనిచేసింది. అయితే రొమ్ము ఎక్స్‌రేలోని అనుమానాస్పదమైన గడ్డల విషయం వచ్చేసరికి కథ మారింది. శిక్షణలో చూపిన చిత్రాలకు అవి సరైన జవాబులే నేర్చుకున్నాయి గాని, కొత్త చిత్రాలు చూపగానే తెల్లముఖం వేశాయి. వాటికి వచ్చింది ఆ చిత్రాల కంఠస్థమే. గడ్డ లక్షణం బోధపడలేదు.

మన పిల్లల చదువులలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది. పుస్తకంలోని పది ప్రసిద్ధమైన ఎక్స్‌రేలను వందసార్లు చూసిన విద్యార్థి పరీక్షలో మార్కులు తెచ్చుకుంటాడు. క్యాజువాలిటీలో అతడి ముందుకు వచ్చే పదకొండవ ఫిలిము మాత్రం ఆ పదింటిలో దేనికీ సరిపోలదు.

కెనడా, అమెరికాలకు చెందిన వైద్య బోధకులు 2011లో ఈ సమస్యకు ఒక దారి చూపారు. పిల్లల చీలమండ ఎక్స్‌రేలు 234 సేకరించి కంప్యూటరులో పెట్టారు. విద్యార్థి ఒక్కొక్క చిత్రాన్ని చూసి, సహజమా కాదా, ఎక్కడ విరిగింది అన్నది చెప్పాలి. చెప్పిన మరుక్షణమే సరైన సమాధానం ఎదుట నిలుస్తుంది. ఆపైన తదుపరి చిత్రం. ఈ విధంగా చిత్రం తరువాత చిత్రం సాధన చేయగా, అనుభవం తక్కువగా ఉన్నవారే ఎక్కువగా మెరుగుపడ్డారు. ఇక్కడ గమనించవలసినవి రెండు: సంఖ్య, వెనువెంటనే దిద్దుబాటు. పది చిత్రాలతో ఈ కన్ను తెరుచుకోదు, వందలు కావాలి. దిద్దేవారు లేని వందలు కూడా ఫలించవు. తప్పుగా చదివి, తప్పని తెలియకుండానే ముందుకు సాగినవాడు తన తప్పునే అభ్యాసం చేస్తున్నట్లు లెక్క.

ఆ పరిశోధకులే మరుసటి సంవత్సరం ఇంకొక సూక్ష్మాన్ని బయటపెట్టారు. సాధనకిచ్చే చిత్రాలలో జబ్బువి ఎన్ని ఉండాలి? ఒక వర్గానికి 30 శాతం, ఒకరికి 50 శాతం, మరొకరికి 70 శాతం జబ్బు చిత్రాలిచ్చారు. జబ్బు చిత్రాలు ఎక్కువగా చూసినవారు జబ్బును బాగా పట్టారు గాని, ఆరోగ్యవంతులలోనూ జబ్బును చూడసాగారు. తక్కువగా చూసినవారు ఆరోగ్యవంతుని ఆరోగ్యవంతుడనే చెప్పారు గాని, కొన్ని జబ్బులను వదిలేశారు. బోధకుడు ఎంచుకునే ఉదాహరణలే శిష్యుడి తీర్పును ఒకవైపు మొగ్గజేస్తాయన్నమాట. అందువలన ఆరోగ్యకరమైన ఫిలిములను కూడా విస్తారంగా చూపాలి. సహజమైనదాన్ని దాని నానా రూపాలలో ఎరిగినవాడికే అసహజమైనది తనంతట తాను కనబడుతుంది.

నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధనలలో, జబ్బు ఫిలిమును ఆరోగ్యకరమైన ఫిలిము పక్కన పెట్టి పోల్చి నేర్పడం కొన్ని రకాల వ్యాధుల విషయంలో మేలు చేసిందని తేలింది. "మొదట శ్వాసనాళం, తరువాత ఊపిరితిత్తులు, ఆపైన గుండె, ఎముకలు" అంటూ ఒక వరుసక్రమంలో చూడాలని ప్రతి పుస్తకమూ చెబుతుంది. అది మంచి అలవాటే. అయితే ఆ వరుసను పాటించినంత మాత్రాన ఎక్కువ జబ్బులు దొరకలేదని కూడా అక్కడి పరిశోధకులే 2016లో గమనించారు. క్రమం కంటిని ప్రతి చోటికీ తీసుకువెళ్లగలదు. అక్కడ ఉన్నదేమిటో చెప్పవలసింది మాత్రం గ్రహింపే.

ఈ గ్రహింపును బ్రిటన్‌లో ఎంత కఠినంగా పరీక్షించేవారో చూడండి. రేడియాలజిస్టు కావాలనుకునేవారికి ఎన్నో ఏళ్లపాటు అక్కడి చివరి పరీక్షలో ఒక ఘట్టం ఉండేది. 35 నిమిషాలలో 30 ఫిలిములు చదవాలి. వాటిలో ఆరోగ్యకరమైనవీ ఉండేవి. ఉత్తీర్ణతకు ముప్ఫైలో ఇరవై ఏడు సరిగా చెప్పాలి. లేని జబ్బును ఉన్నదన్నా మార్కు పోతుంది, ఉన్నదాన్ని వదిలేసినా పోతుంది. "ఇది ఆరోగ్యకరమైన ఫిలిము" అని ధైర్యంగా చెప్పగలగడం కూడా పాండిత్యమే.

మన కళాశాలలలో

మన దేశంలో ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు. ఆపైన ఒక సంవత్సరం హౌస్ సర్జన్సీ. రేడియాలజీలో నిపుణుడు కావాలంటే మరో మూడేళ్లు ఎండీ చదవాలి. ఎంబీబీఎస్ విద్యార్థి రేడియాలజీ విభాగంలో గడిపేది కొద్ది వారాలు మాత్రమే. మిగిలినదంతా మెడిసిన్, సర్జరీ, ఎముకల వార్డులలో రోగుల మంచాల పక్కన నేర్చుకోవలసిందే. 2019 నుండి అమలులోకి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక, విద్యార్థికి ఏమి తెలుసు అన్నదానితో పాటు ఏమి చేయగలడు అన్నదానికీ ప్రాధాన్యమిస్తోంది. ఇది హర్షణీయం.

అయితే పాఠ్యప్రణాళిక ఏది చెప్పినా, ఆ అర్ధరాత్రి యువకుడికి ఒక చిన్న సదుపాయం అత్యవసరం. రాత్రి తాను చదివిన ఫిలిమును ఉదయం నిపుణుడు చదివి ఏమన్నాడో అతడికి తెలియాలి. డ్యూటీ మారిపోవడం, రోగి వేరే వార్డుకు వెళ్లిపోవడం వంటి కారణాల వల్ల ఆ రిపోర్టు అతడి కంట పడకపోతే, అతడు వెయ్యి ఫిలిములు చూసినా నేర్చుకునేది స్వల్పమే. రోజుకు పది నిమిషాలు కేటాయించి, రాత్రి ఫిలిములను గురుశిష్యులు కలిసి చూసే ఆనవాయితీ ఉన్న చోట, ఏ ఖర్చూ లేకుండానే ఈ విద్య వృద్ధి చెందుతుంది.

కంప్యూటర్లు వచ్చాయి కదా, ఇంకా ఈ శ్రమ ఎందుకు అని కొందరు అడగవచ్చు. క్షయవ్యాధి కోసం పదిహేనేళ్లు, అంతకు పైబడినవారి ఛాతీ ఎక్స్‌రేలను వడబోయడానికి కంప్యూటరును ఉపయోగించవచ్చునని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. ప్రపంచంలోని క్షయరోగులలో నాలుగింట ఒక వంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారు. రేడియాలజిస్టు లేని ఊళ్లలో ఈ సహాయం విలువైనదే. అయినా ఆ యంత్రానికి రోగి దగ్గు వినబడదు, నిన్నటి జ్వరం తెలియదు. అది చెప్పినదాన్ని అంగీకరించాలో, కాదనాలో తేల్చుకోవడానికి చదవడం తెలిసిన మనిషి ఎదుట ఉండి తీరాలి. చదవడం రానివాడు యంత్రం తప్పు చెప్పినా తల ఊపుతాడు.

ఇంటివారు చేయవలసినది

ఈ విషయాలు తెలుసుకుని డాక్టర్ల మీద నమ్మకం కోల్పోవడం అవివేకం. వారి పనిని సులభం చేయడం మన చేతిలోనే ఉంది.

పాత ఎక్స్‌రేలను పారవేయకండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లండి. ఐదేళ్ల క్రితం కూడా అదే మచ్చ అంతే పరిమాణంలో ఉందని తెలిస్తే, ఎంతో ఆందోళనా, అనవసరమైన పరీక్షలూ తప్పుతాయి. ఫిలిములను మడవకండి, ఎండలో పెట్టకండి.

రోగి బాధను పూర్తిగా చెప్పండి. "ఛాతీ నొప్పి" అని ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఎప్పటి నుండి, ఏ వైపు, జ్వరం ఉందా, పడిపోయాడా, ఇంతకుముందు క్షయకు మందులు వాడాడా అన్నవి తెలియజేయండి. సిగ్గుపడి పాత జబ్బును దాచిపెడితే, చదివేవారి చూపు తప్పుడు ప్రశ్నతో బయలుదేరుతుంది. గర్భవతి అయిన స్త్రీ ఆ సంగతిని ఎక్స్‌రేకు ముందే చెప్పాలి. ఫిలిము తీసేటప్పుడు ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాలి, కదలవద్దంటే కదలరాదు. ఫిలిము నాణ్యత సగం మన చేతిలో ఉంది.

"ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్నంత మాత్రాన జబ్బు లేదని అర్థం కాదు. చేయి ఊని పడినప్పుడు బొటనవేలి మొదట్లో, మణికట్టులో ఉండే చిన్న ఎముక చిట్లితే అది మొదటి రోజు ఫిలిములో కనబడకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే పది, పద్నాలుగు రోజులకు మళ్లీ తీయిస్తారు. పసివాడు శ్వాసనాళంలోకి పీల్చుకున్న వేరుశనగ గింజ ఎక్స్‌రేలో నేరుగా కనబడదు. ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై దగ్గు పట్టుకున్న పిల్లవాడి విషయంలో ఫిలిము బాగుందని ఇంటికి వచ్చేయకండి. తినేటప్పుడు జరిగిందేమిటో డాక్టరుకు చెప్పండి. బాధ తగ్గకపోతే మళ్లీ వెళ్లండి. "నిపుణులు చదివిన రిపోర్టు ఎప్పుడు వస్తుంది?" అని మర్యాదగా అడగండి. అది రోగి హక్కు. ఆ ప్రశ్న ఏ డాక్టరుకూ అవమానం కాదు.

ఇక వైద్యవిద్య చదువుతున్న బిడ్డలున్న తల్లిదండ్రులకు ఒక మాట. ర్యాంకు ఎంత, మార్కులెన్ని అని అడగడం మనకు అలవాటు. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మరో ప్రశ్న అడిగి చూడండి: "బాబూ, ఈ నెలలో నీవు తప్పుగా చదివిన ఫిలిము ఏది? అది తప్పని నీకు ఎవరు చెప్పారు?" జవాబు చెప్పగలిగితే సంతోషించండి, మీ బిడ్డ నేర్చుకుంటున్నాడు. అలాంటి ఫిలిము ఏదీ లేదంటే మాత్రం కొంచెం ఆలోచించవలసిందే.

మళ్లీ ఆ క్యాజువాలిటీకి వద్దాం. ఆయాసపడుతున్న తండ్రి, చేతిలో ఫిలిముతో హౌస్ సర్జన్. అతడు చూశాడు. గుండె నీడ పక్కన ఏదో తేడాగా తోచింది, అదేమిటో నిర్ధారించలేకపోయాడు. ఆ క్షణంలో అతడి ముందు రెండు దారులున్నాయి: తెలిసినట్లు నటించడం, లేదా ఫోను తీసి "సార్, ఈ ఫిలిము నాకు అర్థం కావడం లేదు, ఒకసారి రండి" అని చెప్పడం. ఈ రెండవ మాట చెప్పగలిగే శిష్యుణ్ణి తయారుచేసిన గురువు, వందల ఫిలిములతో పాటు ఒక గొప్ప విషయాన్ని నేర్పినట్లే. ఆ మాట విని విసుక్కోకుండా నిద్ర లేచి వచ్చే పెద్ద డాక్టరు ఉన్న ఆసుపత్రిలో మన తండ్రికి న్యాయం జరుగుతుంది.